నిలవ నీళ్లు, మంచినీళ్లు

కాలవ గట్టు మీద ఒక రైసు మిల్లు మూతబడి ఉంది. ఎందుకు మూతబడిందన్నది మనుషుల గొడవ, మనకొద్దు. మనుషులు వెళుతూ గదులకి తాళాలు వేసుకుపోయారు. తాళం వెయ్యడానికి కుదరనివాటిని అక్కడే వదిలేశారు. బస్తాల బండి లాగిన ఎద్దు, ఎలుకల కోసం తెచ్చుకున్న పిల్లి, ఆఫీసు వరండాలో బల్లమీద గాజుతొట్టి, ఆ తొట్టినిండా చేపలు. ఆవరణ మధ్యలో మునిసిపాలిటీ కుళాయి ఉంది. దాని పిడి ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి పొద్దున్నే నీళ్లొచ్చినప్పుడు ధార పడుతూనే ఉంటుంది, ఆగినప్పుడు దానంతటదే ఆగుతుంది.

ఎద్దు పేరు బొల్లోడు. ఒంటిమీద తెల్లమచ్చలున్నందుకు ఆ పేరు. చెప్పిన పని చేస్తాడు, ఎందుకని అడగడు. అది గొప్ప గుణమని ఆవరణలో అందరూ మెచ్చుకునేవాళ్లు. నేను మాత్రం మెచ్చుకోను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చేపల బాగోగులు చూసేది బోదురయ్య. లావుపాటి బోదురుకప్ప, గొంతు పెద్దది, పెత్తనం ఇంకా పెద్దది. గుంటల్లోంచి దోమపిల్లల్ని పట్టుకొచ్చి చేపలకి వేసేది అతనే, నీళ్లు మార్చడానికి లెక్క పెట్టింది కూడా అతనే. కుళాయి నీళ్లు తిన్నగా తొట్టిలో పొయ్యకూడదు. వరండా పక్కనున్న సిమెంటు గోలెంలో పట్టి, మూత వెయ్యకుండా ఒక పగలూ ఒక రాత్రీ అలా వదిలెయ్యాలి. ఆ తర్వాత తొట్టిలోంచి పావు వంతు తీసి, అంతే కొత్తవి పొయ్యాలి. బొల్లోడు కొమ్ముకి బకెట్టు తగిలించుకుని మోసేవాడు. ఎందుకిలా అని అతను అడగలేదు. బోదురయ్య చెప్పలేదు.

చెప్పకపోవడానికి ఒక సంగతుంది. ఆవరణకి వచ్చిన కొత్తలో బోదురయ్య అప్పుడే నింపిన గోలెంలోకి దర్జాగా దూకాడు. దూకిన మరుక్షణం ఒళ్లంతా మంటెత్తిపోయి, కేకలు పెట్టుకుంటూ బయటపడి మట్టిలో పొర్లాడు. మర్నాడు భయం భయంగా ఒక వేలు ముంచి చూస్తే అదే గోలెం, అవే నీళ్లు, మంట లేదు. కారణం అర్థమైంది. కానీ తాను కేకలు పెట్టిన కథ నలుగురికీ చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అందుకని కారణం మింగేసి, ఆజ్ఞ ఒక్కటే బయటికి వదిలాడు.

ఇక పిల్లి. నుదుటిమీద చారలుండటంతో నామాలమ్మ అనేవాళ్లు. మిల్లులో బియ్యం పోయాక ఎలుకలూ పోయాయి, నామాలమ్మ డొక్కలు బయటపడ్డాయి. అలాంటిదాన్ని తొట్టి పక్కన ఉండనివ్వడానికి ఒక ఒప్పందం కుదిరింది. బతికున్న చేప జోలికి ఆమె పోకూడదు. చచ్చి పైకి తేలింది మాత్రం ఆమెది. ఒప్పందం బాగానే ఉంది గానీ, బోదురయ్య పుణ్యమా అని ఆ తొట్టిలో ఏదీ తేలేది కాదు.

తొలకరి పడింది. మిల్లు వెనక గుంట నిండింది. కప్పలకి ఏడాది మొత్తమ్మీద అవే పెళ్లిళ్ల రోజులు. బోదురయ్య కూడా గొంతు సవరించుకున్నాడు.

"బొల్లోడా, నాలుగు రోజులు గుంట దగ్గరుంటాను. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

"అలాగే."

కాటుకమ్మ అద్దం దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. నల్లటి మోలీ చేప. ఆ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆమె పొట్ట అప్పటికే నిండుగా ఉంది. "మావా, నా నెప్పులయ్యాక వెళ్లకూడదా? ఇదివరకటి కాన్పులో పిల్లలు ఒక్కటీ దక్కలేదు. ఈసారైనా దక్కించుకోవాలి."

"ఎక్కడికి పోతానే, ఈ గోడ అవతలే కదా! ఏదన్నా అయితే బొల్లోణ్ణి పిలవమను, వచ్చేస్తాను" అని బోదురయ్య గెంతుకుంటూ పోయాడు.

నామాలమ్మ మెట్టుమీద కూర్చుని మూతి తుడుచుకుంటూ ఇదంతా వింది.

మర్నాడు ఎండ పొడవగానే ఆమె బల్ల దగ్గరికి చేరింది. తొట్టిలో పెద్దరికం బంగారయ్యది. పేరుకి తగ్గట్టే బంగారు రంగు చేప. అద్దంలో తన నీడ కనిపిస్తే చాలు, అక్కణ్ణించి కదలడు.

"బంగారయ్య గారూ, ఒంట్లో కులాసాయేనా? కాస్త రంగు తగ్గినట్టున్నారు."

బంగారయ్య గిర్రున తిరిగాడు. "రంగు తగ్గానా? ఎక్కడ?"

"పొట్ట దగ్గరండీ. నిలవ నీళ్లల్లో ఉంటే ఎవరికైనా అంతే కదా."

"నిలవ నీళ్లేవిటి?"

"అయ్యో, మీకు తెలీదా? గోలెంలో పట్టి పెడతారే, అవేనండీ. కుళాయిలో వచ్చేవి మంచినీళ్లు. అవి బొల్లన్న తాగుతాడు, నేను తాగుతాను. రోడ్డున పోయే కుక్క కూడా లోపలికొచ్చి తాజా మంచినీళ్లు తాగిపోతుంది. మీకు మాత్రం నిన్నటివి, దుమ్ము పడినవి, ఆకులు రాలినవి, ఎండకి కాగినవి. ఎందుకూ అని ఎప్పుడన్నా అడిగారా?"

కుక్క కన్నా తక్కువ వాడినయ్యానన్న మాట బంగారయ్యకి సూటిగా తగిలింది.

"బోదురయ్య మావ చెప్పాడంటే ఏదో కారణం ఉంటుంది బాబాయ్" అంది కాటుకమ్మ.

"ఏవిటా కారణం? నీకు చెప్పాడా?"

"లేదు."

"నాకూ చెప్పలేదు. చెప్పుకునేందుకు లేదు కాబట్టే చెప్పలేదు. మనల్ని పాచి నీళ్లల్లో ఉంచి, పెత్తనం చేస్తున్నాడు."

"అంత మాట అనకండి" అంటూ నామాలమ్మ సర్దిచెప్పబోయింది. ఇలా సర్దిచెప్పడంలో ఆమెని మించినవాళ్లు లేరు. "పాపం పెద్దాయన. ఆయనకి అలవాటు అయి ఉంటుంది. గుంటలో పుట్టినవాడు కదా, మురుగంటే ఆయనకి ఇష్టం. మీరు అద్దాల మేడలో ఉండేవాళ్లు. అయినా నా మాట నమ్మొద్దు. మీ కళ్లతో చూడండి."

కుళాయి దగ్గరికి వెళ్లి, ధార కింద మూతి పెట్టి గటగటా తాగింది. మీసాలు నాకుకుంది. తిరిగొచ్చి బల్లముందు నిలబడి ఒక చుట్టు తిరిగింది.

"చూశారుగా? చచ్చానా?"

చిన్న చేపలన్నీ కిలకిలా నవ్వాయి. నిజమే, చావలేదు. ఇంత కన్నా రుజువు ఏం కావాలి అనుకున్నాయి. మనుషులు కూడా సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు, చేపల్ని అనడం ఎందుకు?

"తొందరేముంది బాబాయ్, మావ వచ్చేదాకా ఆగుదాం" అని కాటుకమ్మ మళ్లీ అంది.

"నీ పిల్లలు ఈ నాచులో పుట్టాలా? పుట్టగానే మురుగు పీల్చాలా?" అన్నాడు బంగారయ్య. పిల్లల పేరు చెబితే ఏ తల్లయినా తడబడుతుంది.

నామాలమ్మ ఎద్దు దగ్గరికి వెళ్లింది.

"బొల్లన్నా, చేపలు తొట్టి మొత్తం కడిగి మంచినీళ్లు పొయ్యమంటున్నాయి."

"బోదురయ్య అలా చెప్పలేదే?"

"తొట్టి ఎవరిది? బోదురయ్యదా, చేపలదా?"

బొల్లోడు చాలాసేపు నెమరేశాడు. "చేపలదే."

"నీకు దాహమేస్తే ఏం తాగుతావు?"

"మంచినీళ్లు."

"ఎవరికైనా మంచినీళ్లు పోస్తే పుణ్యమా, పాపమా?"

"పుణ్యమే."

"మరి ఇంకా ఆలోచిస్తావేం? ముందు ఆ గోలెంలో నిలవ నీళ్లు గోడ పక్కనున్న గుమ్మడిపాదుకి పారబోసెయ్యి. పాదుకైనా పనికొస్తాయి."

అంత దూరం ఆలోచించింది ఆమె. గోలెం ఖాళీ అయిపోతే తర్వాత ఎవరు పరుగెత్తుకొచ్చినా పోసేందుకు ఏమీ ఉండదు.

బొల్లోడు గోలెం వంచాడు. తొట్టి అడుగునున్న గొట్టం మూత పీకాడు. పాత నీళ్లు పోయి, చేపలు వీపులు బయటపెట్టుకుని అడుగున ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండిపోయాయి. అతను గడ్డి చుట్టతో అద్దాలకి పట్టిన నాచంతా రుద్ది పారేశాడు. నాచులోనూ అడుగు మట్టిలోనూ చేపల మురికిని తినేసి నీళ్లని బాగుచేసే ప్రాణాలుంటాయి. కంటికి కనిపించవు కాబట్టి వాటిని ఎవరూ లెక్కచెయ్యలేదు. తర్వాత కుళాయి ధార కింద బకెట్టు పెట్టాడు.

ఆ రోజుల్లోనే కాలవకి వానబురద కలిసిన ఎర్రనీరు తగిలింది. ఎర్రనీరు వచ్చినప్పుడు ఊళ్లో వాంతులూ విరేచనాలూ రాకుండా నీళ్ల ట్యాంకులో బ్లీచింగు ఎక్కువ కలుపుతారు. మనుషుల కోసం అది సరైన పనే, వాళ్లని అనడానికి లేదు. బకెట్టు నిండుతుంటే ఘాటు వాసన కొట్టింది. బొల్లోడి ముక్కు చిట్లింది. 'మంచినీళ్ల వాసన ఇలాగే ఉంటుంది' అనుకున్నాడు. పుణ్యం చేస్తున్నాననుకునేవాడికి అనుమానం ఎందుకొస్తుంది?

తొట్టి నిండింది. లోపలి గులకరాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది. చిన్న చేపలు ఆ చివర నుంచి ఈ చివరకి పరుగులు పెట్టాయి.

"చూశావా కాటుకమ్మా! ఎంత తేటగా ఉన్నాయో!" అన్నాడు బంగారయ్య.

"చల్లగా ఉన్నాయి బాబాయ్. ఏదో ఘాటు వస్తోంది."

"కొత్త కదా, అలవాటవుతుంది."

అలవాటు కాలేదు. ముందు చిన్న చేపలు ఒంటిని గులకరాళ్లకి రుద్దుకోవడం మొదలెట్టాయి. తర్వాత మొప్పలు గబగబా కొట్టుకోసాగాయి. ఒకటి పైకొచ్చి నోరు తెరిచింది. ఆ పక్కన ఇంకొకటి. ఉన్నట్టుండి తొట్టి పైభాగమంతా నోళ్లే. నీళ్లనిండా ఉండి కూడా ఊపిరి అందక గాలి కోసం నోళ్లు తెరిచాయి. ఒక చేప ఎగిరి అద్దం అవతల పడింది.

నామాలమ్మ కదల్లేదు. కింద పడినదాని పక్కన పాదాలు ముడుచుకుని కూర్చుంది. ఒప్పందమంటే ఒప్పందమే, చచ్చేదాకా ఆగాలి.

"బొల్లన్నా!" అని అరిచింది కాటుకమ్మ. "మంట! ఊపిరి తీస్తే మంట! బోదురయ్య మావని పిలు!"

బొల్లోడికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. మంచినీళ్లు పోస్తే మంటేమిటి? పిల్లి వైపు చూశాడు. పిల్లి చేపల్ని చూస్తూ నాలుక చప్పరించింది. అప్పుడు అర్థమైంది. ఏ పనీ ఎప్పుడూ ఎందుకని అడగని ఎద్దుకి, ఎందుకో ఆ ఒక్క చప్పుడుతో తెలిసిపోయింది.

కొమ్ముకున్న బకెట్టుతోనే అతను పరుగెత్తాడు. మిల్లు గోడ చుట్టూ తిరిగి గుంట దగ్గర నిలబడి రంకె వేశాడు. కప్పల పాట ఆగిపోయింది.

"ఏంట్రా ఆ గోల?" బోదురయ్య తల పైకెత్తాడు.

"చేపలు చస్తున్నాయి. మంచినీళ్లు పోశాను."

"కుళాయివి తిన్నగా పోశావా? ఎంత?"

"మొత్తం."

బోదురయ్య ఒక్క గెంతులో బొల్లోడి మూపు మీదికి ఎక్కాడు. "గోలెంలో ఉన్నవి గుమ్మరించు!"

"అవి పారబోసేశాను."

"అయితే ఈ గుంటలో నీళ్లే ముంచు" అన్నాడు బోదురయ్య. "వాననీళ్లు. బురదవైనా ఫర్వాలేదు, మందు కలవనివి. ముందు ఆ బకెట్టు కడిగి ముంచు. త్వరగా!"

వాళ్లు వచ్చేసరికి తొట్టిమీద చిన్న చేపలన్నీ పొట్టలు పైకి తిప్పుకుని తేలుతున్నాయి. బంగారయ్య ఒక మూల వాలిపోయి ఉన్నాడు. రంగు మాత్రం మెరుస్తోంది.

"ఇంత తేటగా ఉంటే..." అన్నాడు, "...ఇంత తేటగా ఉంటే విషమెలా అవుతుంది బోదురయ్యా?"

జవాబు వినడానికి అతను మిగల్లేదు.

కాటుకమ్మ ఇంకా కదులుతోంది. బోదురయ్య మంటని లెక్కచెయ్యకుండా ఆ నీళ్లల్లోకే దూకాడు. ఆమెని నోట కరుచుకుని వానగుంట నీళ్లున్న బకెట్టులోకి తెచ్చి వదిలాడు. అతని చర్మం ఎర్రగా కందిపోయింది. ఈసారి కేకలు పెట్టలేదు.

బకెట్టులో మట్టినీళ్లు. ఆమె కనిపించడం లేదు. బొల్లోడు బకెట్టు మీదకి తల వంచి అలాగే నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి. జీవితంలో అతను అడిగిన మొదటి ప్రశ్న అదే.

బోదురయ్య తల దించుకున్నాడు. "ఆ నీళ్లు నా ఒళ్లు కాల్చాయి. చెబితే నవ్వుతారనుకున్నాను. నువ్వూ పిల్లీ నీళ్లు తాగుతారు. పొట్టలోకి పోతే ఆ మందు ఏమీ చెయ్యదు. చేపలు ఆ నీళ్లనే పీలుస్తాయి. మొప్పలు కాలిపోతాయి. గోలెంలో మూత లేకుండా ఉంచితే ఆ ఘాటు గాలికి పోతుంది, చల్లదనమూ తగ్గుతుంది. అంతే సంగతి. ఇంత చిన్న మాట చెప్పలేకపోయాను."

"చెప్పి ఉంటే పోసేవాణ్ణి కాదు."

"తెలుసురా."

అప్పుడు నామాలమ్మ గొంతు సవరించుకుంది. "అయిందేదో అయింది. తేలినవి నావి కదా. ఇప్పించండి."

బోదురయ్య ఆమె మీద విరుచుకుపడ్డాడు. "చంపింది నువ్వు!"

"నేనా? గోరు తగిలించానా? పన్ను దించానా? మంచినీళ్లు పొయ్యమన్నాను. మంచినీళ్లు పొయ్యమనడం తప్పని ఎక్కడన్నా ఉందా? ఒప్పందం ప్రకారం తేలినవన్నీ నావే. మా చుట్టాలని కూడా పిలిచాను, వస్తూ ఉంటారు."

ఒప్పందంలో ఆమె చెప్పినట్టే ఉంది. చచ్చింది ఆమెదే, చావు ఎలా వచ్చిందో అందులో లేదు. కోపంతో కళ్లు ఉబ్బించి చూడటం తప్ప అతను ఏమీ చెయ్యలేకపోయాడు.

మాట్లాడింది బొల్లోడు.

"నీవేనమ్మా నామాలమ్మా. ఒక్కటి కూడా తగ్గించను. కానీ ఇందాకే తేలాయి, ఇంకా ఘాటు పోలేదు. మీ చుట్టాలకి అలాంటివి పెడతానా? ఈ ఆవరణలో ఏదైనా ఒక పగలూ ఒక రాత్రీ నిలవబెట్టాకే ఇవ్వాలి. ఈ పూటతో ఆ సంగతి నేర్చుకున్నాను."

కింద పడినదాంతో సహా చచ్చిన చేపలన్నిటినీ మూతితో జాగ్రత్తగా గోలెంలోకి తోశాడు. గోలెం ముందు అడ్డంగా పడుకుని కొమ్ములు బయటికి తిప్పాడు.

నామాలమ్మ అటు తిరిగింది, ఇటు తిరిగింది. బతిమాలింది, తిట్టింది. చుట్టాలొచ్చారు. వాన వెలిసిన తర్వాతి ఉక్క. ఎండ నేరుగా గోలెంలో పడింది. సాయంత్రానికి ఈగలు, పొద్దుటికి పురుగులు. బొల్లోడి ముక్కుకీ ఆ కంపు తగులుతూనే ఉంది, అతను మాత్రం లేవలేదు. ఆ కంపు తన చేతులారా చేసుకున్నదే అనుకున్నాడేమో.

పొద్దున అతను బకెట్టులోకి తొంగి చూశాడు. మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకున్నాయి. కాటుకమ్మ పక్కకి ఒరిగి, కదలకుండా ఉంది. ఆమె చుట్టూ ఊకపొట్టంత చిన్నవి, నల్లటి చుక్కలు కదులుతున్నాయి. నెలలు నిండకుండానే కనేసింది. అడుగున పడి కదలనివే ఎక్కువ. కదిలేవి కొన్ని ఉన్నాయి. తన పిల్లల్ని కళ్లారా చూసే దాకా ఆమె బతికుందో లేదో ఎవరికీ తెలీదు. ఉందనే నేను అనుకుంటాను, లేకపోతే ఈ కథ చెప్పడం నావల్ల కాదు.

బొల్లోడు లేచి నిలబడ్డాడు. "నామాలమ్మా, నీ వాటా తీసుకో."

గోలెం చుట్టూ చేరిన చుట్టాలు ఒక్కసారి వాసన చూసి వెనక్కి గెంతారు. ఒక ముసలి గండుపిల్లి, "దీనికా మమ్మల్ని పిలిచావు?" అని నామాలమ్మ చెవి మీద ఒకటిచ్చి వెళ్లిపోయింది. ఆమెకి ఆకలి ఆగలేదు. కళ్లు మూసుకుని ఒకటి మింగింది. గోడ వారగా పోయి కక్కుకుంది, సాయంత్రం దాకా కక్కుతూనే ఉంది.

కాటుకమ్మని మాత్రం గోలెంలో వెయ్యలేదు. గుమ్మడిపాదు మొదట్లో బొల్లోడే గొయ్యి తవ్వాడు.

ఇప్పుడా తొట్టిలో కాటుకమ్మ పిల్లలున్నాయి. నామాలమ్మ ఇంకా ఆ మెట్టు మీదే కూర్చుంటుంది, డొక్కలు ఇంకా బయటికే ఉన్నాయి. ఒక్కోరోజు అలవాటు కొద్దీ, "మంచినీళ్లు పొయ్యకూడదా బొల్లన్నా, పాపం పిల్లలు" అంటుంది.

బొల్లోడు గోలెం నింపుతూనే, తల తిప్పకుండా అడుగుతాడు.

"మంచివి ఎవరికి?"

ఆమె మూతి తుడుచుకుని అటు తిరిగి కూర్చుంటుంది.

ఇందులో నేర్చుకోవలసింది ఒక్కటే: నీకు మంచిదైనది ఎదుటి ప్రాణానికీ మంచిదేనా అని అడగకుండా చేసే మేలు చంపుతుంది.